మా అక్క నిలబడే చోటు

ముప్పై నాలుగేళ్ళపాటు ఈ సరస్సు మీద మా బావ హోయ్ట్ లెడ్‌బెటర్‌ని ఉత్త పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. "వెనక సీటు హోయ్ట్" అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే అనేవాళ్ళు. మా బావ నవ్వి తల ఊపేవాడు. ఒళ్ళు మండేది నాకు. పడవల రేవు పక్కన నాకో చిన్న కొట్టుంది. గాలాలూ, ఎరలూ, పొద్దున్నే సాసేజీ పెట్టిన బిస్కట్ రొట్టెలూ అమ్ముతాను. నా రొట్టెలు తింటూ నా కాఫీ తాగుతూ మా బావని ఆడిపోసుకునేవాళ్ళకి రెండో కప్పు పొయ్యకుండా కడుపుమంట తీర్చుకున్న రోజులు చాలా ఉన్నాయి.

సంగతేమిటంటే, బాస్ చేపలు పట్టే పడవలో ముందు నిలబడ్డవాడే దొర. పడవ ముక్కు దగ్గర నీళ్ళలోకి దించే చిన్న కరెంటు మోటారు ఒకటుంటుంది. దాని పెడల్ ముందు డెక్కు మీద, అంటే మనిషి నిలబడే బల్ల మీద ఉంటుంది. పెడల్ మీద పాదం ఉంచినవాడు వేళ్ళతో నొక్కితే పడవ ఒక పక్కకి, మడమతో నొక్కితే ఇంకో పక్కకి తిరుగుతుంది. చేతులు రెండూ గాలానికి ఖాళీ. ఎవరూ గాలం వెయ్యని నీళ్ళు ముందు అతనికే దక్కుతాయి. వెనకవాడికి ఎంగిలి నీళ్ళు. అందుకే ఇక్కడ సొంత అన్నదమ్ములు కూడా ముందు చోటు కోసం మొహాలు మాడ్చుకుంటారు. పెళ్ళాన్ని పడవెక్కించుకున్న మగవాడైతే ఆమెని వెనక కూలేసి సాండ్‌విచ్‌ల డబ్బా ఒళ్ళో పెడతాడు. మా వాళ్ళ పడవలో మాత్రం పెడల్ మీద పాదం మా అక్క నెల్డాది. వెనక సీట్లో మా బావ.

దీనంతటికీ కారణం మా నాన్న టోపీ. పట్నాల నుంచి వచ్చినవాళ్ళని పడవలో తిప్పి, చేపలున్న చోట్లు చూపించి బతికినవాడు మా నాన్న. అక్కా నేనూ ఆ పడవలోనే పెరిగాం. నాకు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది, అందుకే ఒడ్డున కొట్టు పెట్టుకున్నాను. అక్కకి మాత్రం ఈ నీళ్ళ అడుగున ఉన్నదంతా కొట్టిన పిండి. డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన పాత రోడ్డు ఎక్కడుందో, ఏ వాగు మొదట్లో నాచు ఏ నెలలో పైకి లేస్తుందో కళ్ళు మూసుకుని చెబుతుంది. మా బావ కొండ మీద బంగాళాదుంపలు పండించుకునే వాళ్ళ ఇంట్లో పుట్టాడు. సాక్సులు నేసే మిల్లులో పని. ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా మోకాలి లోతు నీళ్ళు దాటి ఎరగడు.

అలాంటివాడు మొదటిసారి మా ఇంటికి అక్కని చూడ్డానికి వచ్చినప్పుడు నాన్న మర్యాదకి పడవలో ముందు నిలబెట్టాడు. మూడో విసురుకే గాలం వెనక్కి వెళ్ళి నాన్న టోపీకి తగులుకుంది. టోపీ పోయి నీళ్ళలో పడింది. ఆ టోపీ అంటే నాన్నకి ప్రాణం, చర్చికి కూడా పెట్టుకెళ్ళి అమ్మ చేత తిట్లు తినేవాడు. నాన్న నోరు తెరిచేలోపే అక్క లేచింది.

"హోయ్ట్, నువ్వు ఇటొచ్చి చివర కూర్చో. నీ వెనక ఎవరూ లేకుండా ఉంటే మేమంతా బతికి బట్టకడతాం" అంది.

మా బావ వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ అక్కడినుంచి లేవలేదు. పెళ్ళయ్యాక సొంత పడవ కొన్నప్పుడు కూడా ఆ ప్రస్తావనే రాలేదు. అక్క ముందుకి వెళ్ళింది, ఆయన వెనక కూర్చున్నాడు.

మిల్లు మూతపడ్డాక మా బావ ఫైబర్ గ్లాసు పని నేర్చుకున్నాడు. నా కొట్టు వెనక రేకుల షెడ్డు వేసుకుని, పగిలిన పడవలు అతికేవాడు, కుళ్ళిన నేలలు మార్చేవాడు. క్రమంగా పెడల్ గుంటల పనిలో పేరొచ్చింది. పెడల్ డెక్కు మీద నాలుగంగుళాల ఎత్తున ఉంటుంది కదా, పొద్దున్నించి సాయంత్రందాకా ఒక కాలు ఎత్తి పెట్టుకుని నిలబడేసరికి వయసు మళ్ళినవాళ్ళకి మోకాళ్ళూ నడుమూ పట్టేస్తాయి. అందుకని డెక్కు కోసి, అందులో ఒక ట్రే దించి, పెడల్‌ని ఆ గుంటలో బిగిస్తారు. ఇక ఇంట్లో గచ్చు మీద నిలబడ్డట్టు సమంగా నిలబడొచ్చు. చెప్పడానికి ఇంతే. కోసిన డెక్కుని మళ్ళీ కొయ్యకముందులా చెయ్యడం మాత్రం ఎవడి తరమూ కాదు.

అందుకే మా బావకి ఒక నియమం ఉండేది. మనిషిని నిలబెట్టకుండా రంపం పట్టడు. పడవ గలవాడు తను వేటకి వేసుకునే బూట్లే వేసుకుని రావాలి. గాలం కర్ర చేతిలో పట్టుకుని డెక్కెక్కి నిలబడాలి. కాళ్ళకేసి చూసుకోకూడదు. మా బావ కింద నిలబడి, అలబామా జట్టు గొప్పదా ఆబర్న్ జట్టు గొప్పదా అని ఫుట్‌బాల్ గొడవ ఎత్తేవాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఆ పది నిమిషాలూ ఎక్కడలేని మాటలూ తెచ్చుకునేవాడు. అవతలివాడికి కోపం వచ్చి, తను నిలబడి ఉన్న సంగతి మరిచిపోయాక, అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆ పాదం చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవాడు.

"చూసుకుంటూ నిలబడితే ఎవడూ తన నిలబాటు నిలబడడు, అర్లీన్" అని నాతో చెప్పాడొకసారి. వందకి పైగా పడవలు అలా కోశాడు. కుదరలేదని ఒక్కటీ తిరిగి రాలేదు.

రెండేళ్ళ కిందట మార్చిలో అక్క పడింది. నీళ్ళలో కాదు, రేవులో. పడవని బండి మీదకి లాక్కుంటుంటే పాకుడు మీద కాలు జారింది. ఎడమ తుంటి విరిగింది. రాడ్డు వేశారు. అది కుదురుకోక మళ్ళీ తెరిచి మళ్ళీ వేశారు. అన్నీ అయ్యేసరికి ఎడమ కాలు అంగుళం పొట్టిదైంది. ఒక బూటుకి మందపాటి అడుగు కుట్టించి ఇచ్చారు. ఆ బూటు చూసి అక్క, "ఎప్పటినుంచో పొడుగవ్వాలని ఉండేది, సగమే అయ్యాను" అని నవ్వింది.

ఆ ఆగస్టులో పట్టుబట్టి పడవెక్కింది. ఎప్పట్లా కుడి పాదం ఎత్తి పెడల్ మీద పెట్టింది. బరువంతా ఎడమ కాలి మీద పడింది. పది నిమిషాలు ఓర్చుకుంది. తర్వాత సీటు కొయ్య పట్టుకుంది. మోచేతులు వణుకుతున్నాయట. వెనక్కి చూడకుండానే, "ఇంటికి పోదాం" అంది. అన్నేళ్ళలో ఆ మాట అక్క ముందుగా అనడం అదే మొదలని మా బావ నాకు చెప్పాడు. చెప్పి, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి పడవ షెడ్డులో టార్పాలిన్ కిందే ఉంది. అక్క కొండవాలు మీద ఉన్న ఇంటి వరండాలో కూర్చుని సరస్సు మీద పోయే పడవలని చూసేది. మొదట్లో ఒక్కొక్కరినీ ఏకిపెట్టేది. ఫలానావాడు పాత రోడ్డు దాటిపోయాడని, ఫలానావాడు నాచు లోపల వెయ్యాల్సింది అంచున వేస్తున్నాడని. నేను సాయంత్రం వెళితే ఆ చిట్టా అంతా విప్పేది. వింటూ కడుపుబ్బ నవ్వుకునేదాన్ని. మరుసటి వసంతానికి ఆ తిట్లు తగ్గిపోయాయి. ఎండాకాలానికి పూర్తిగా ఆగిపోయాయి. చూస్తూ ఉండేది, అంతే. మా అక్క ఎవరినీ తిట్టకుండా ఒక గంట కూర్చుందంటే నాకే భయం వేసింది, మా బావకి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

తనూ చేపలకి వెళ్ళడం మానేశాడు. మిల్లు రోజుల స్నేహితులు పిలిచారు, వెనక సీటు ఖాళీగా పెట్టామని వేళాకోళం ఆడారు. వెళ్ళలేదు. ఎందుకెళ్ళవని నేనే నిలదీశాను.

"ఎవడి వీపు చూస్తూ కూర్చోమంటావు?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పోయిన సెప్టెంబరులో ఒక పొద్దున షెడ్డులో టార్పాలిన్ తీసిన చప్పుడు వినబడి వెళ్ళాను. మా బావ అట్టముక్క కత్తిరిస్తున్నాడు. పెడల్ గుంటకి అచ్చు. ఎవరిదని అడగక్కర్లేకపోయింది. కాలు ఎత్తి పెట్టాల్సిన పని లేకపోతే నెల్డా నిలబడగలదు, ఇన్నాళ్ళూ తట్టనే లేదు చూడు, ఊళ్ళో వాళ్ళందరికీ కోసి ఇంట్లోదానికి కొయ్యలేదు అని తనని తనే తిట్టుకున్నాడు. అక్కకి చెప్పొద్దన్నాడు. అయ్యాక రేవులో చూపిస్తాడట. అక్క ఆ కాలితో కొండ దిగి షెడ్డుదాకా రాదు కాబట్టి దాచడం తేలికే.

ముందు డెక్కు మీద తివాచీ పాతది. పడవలో అన్నీ మార్చాడు గాని దాన్ని మార్చలేదు. అందులో రెండు చోట్ల దారాలు అరిగిపోయి కింద జిగురు కనబడుతోంది. ఎడమవైపు పెద్ద మచ్చ, పాదమంత. కుడివైపు చిన్నది, మడమంత. ముప్పై నాలుగేళ్ళలో రెండు పడవలు మారాయి, ఈ పడవ మీదే పంతొమ్మిదేళ్ళు అక్క అక్కడే నిలబడింది. మా బావ అట్టముక్కని కుడి మచ్చ దగ్గర పెట్టాడు. ఒక వెంట్రుకవాసి జరిపాడు. చుట్టూ టేపు అంటించాడు.

"బావా, అందరినీ నిలబెట్టి గీత గీస్తావు. అక్కని నిలబెట్టవా?" అన్నాను.

"ముప్పై నాలుగేళ్ళు నా కళ్ళ ముందు నిలబడింది కదే. ఇంకా ఏం నిలబెట్టాలి?" అన్నాడు.

ఎంత ముద్దుగా అన్నాడంటే నా నోరు మూతపడింది. మూతపడకుండా ఉండాల్సింది. మామూలుగా ఎంత వద్దన్నా ఆగని నోరు ఇది.

నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు వేశాడు. జిగ్‌సా రంపం పెట్టి టేపు వెంబడే కోసుకుంటూ వెళ్ళాడు. నేను వాక్యూమ్ గొట్టం పట్టుకున్నాను. అయినా తెల్లటి పొడి ఇద్దరి చేతుల మీదా పడి సాయంత్రందాకా దురద. చన్నీళ్ళతో కడుక్కోమన్నాడు, వేడి నీళ్ళయితే ఇంకా లోపలికి పోతుందట. డెక్కు ముక్క ఊడి వచ్చాక లోపల చెయ్యి పెట్టి తడిమి మొహం చిట్లించాడు. చెక్క చెమ్మగా ఉంది. రెండ్రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాడు. తర్వాత కోసిన అంచుల చుట్టూ నీళ్ళు పట్టకుండా బ్రష్షుతో రెసిన్ జిగురు పూశాడు, ఆరాక మళ్ళీ పూశాడు, మూడోసారి కూడా పూశాడు. వేరేవాళ్ళ పడవలకి రెండుసార్లే పూస్తాడు, నాకు తెలుసు.

ఆ వారంలో మా బావ ఈల వేస్తూ పని చేశాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పెళ్ళికి ముందు మా గుమ్మం ముందు తచ్చాడిన కుర్రాడిలా ఉన్నాడు. నాకూ ఆ హుషారు అంటుకుంది. అక్క పడవ ముందు నిలబడి సరస్సు వంపు తిరిగి కనబడకుండా పోవడం, సాయంత్రం అలాగే తిరిగి రావడం మళ్ళీ చూడాలని నాకెంత ఉందో అప్పుడే తెలిసింది.

ఒకరోజు రాత్రి భోజనానికి వాళ్ళింటికి వెళ్ళాను. అక్క మొక్కజొన్న రొట్టె, బఠాణీలు వండింది. పగలు షెడ్డులో రంపం చప్పుడు వినబడింది, ఎవరి పడవ అని అడిగింది. ఎవరో టెన్నెసీ వాళ్ళదన్నాడు మా బావ. పెడల్ గుంటా అంది. అవునన్నాడు.

"నిలబెట్టావా మనిషిని?" అంది అక్క.

"నిలబెట్టాను" అన్నాడు.

నేను తల ఎత్తకుండా పళ్ళెంలోకి చూస్తూ బఠాణీలు తిన్నాను. అక్క కూడా పళ్ళెంలోకే చూస్తూ తిన్నది. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

ట్రే దించి, నీళ్ళు పోవడానికి అడుగున గొట్టం పెట్టి, బోల్టులు బిగించి, పెడల్ కూర్చోబెట్టి, తీగలు కింద నుంచి తీసుకెళ్ళాడు. చివరికి చీపురుకర్ర తెచ్చి డెక్కు మీద అడ్డంగా పెట్టి చూపించాడు. పెడల్‌కీ కర్రకీ మధ్య సందు లేదు. పెడల్ని చేత్తో నొక్కి అటూ ఇటూ తిప్పి చూశాడు. కాలు మాత్రం పెట్టలేదు. పెట్టి చూడు బావా అంటే, అది నా చోటు కాదన్నాడు.

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున రేవులో ఎవరూ లేని వేళ చూసి పడవని నీళ్ళలోకి దించి నా కొట్టు ముందు నీళ్ళలోకి వేసిన చెక్క వంతెనకి కట్టాడు. ట్రక్కులో వెళ్ళి అక్కని తీసుకొచ్చాడు. సరస్సు మీద పొగమంచు ఇంకా విడలేదు. అక్క కర్ర ఊనుకుంటూ వంతెన మీదకి వచ్చి పడవని చూసింది. ముందు డెక్కు చూసింది.

"ఇదా టెన్నెసీ వాళ్ళ పడవ" అంది.

గొంతు మారింది. కర్ర నా చేతికిచ్చి, వంతెన అంచున కూర్చుని, వంగి గుంట లోపల చెయ్యి పెట్టింది. అంచులన్నీ తడిమింది. "మూడు పూతలా" అంది. మా బావ తల ఊపాడు. మా బావ పడవలోకి దిగి చేతులు చాపాడు. అక్క ఆయన భుజాలు పట్టుకుని డెక్కు మీదకి దిగింది. నిటారుగా నిలబడింది. ఏడాదికి పైగా గడిచాక మా అక్క తన చోట నిలబడింది, నేను చేతిలో కర్ర గట్టిగా పట్టుకుని చూస్తున్నాను.

కుడి పాదం గుంటలో పెట్టింది. సరిగ్గా కూర్చుంది. రెండు కాళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. అక్క మొహం విప్పారింది. తర్వాత నడపడానికని కుడి వేళ్ళు నొక్కింది.

వేళ్ళు నొక్కాలంటే బరువు రెండో కాలి మీదకి పోవాలి. ఎత్తు ఉన్నా పోవాలి, లేకున్నా పోవాలి. ఎడమ కాలు మోకాలి దగ్గర వణికింది. అక్క మా బావ భుజం పట్టుకుంది. ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ నొక్కింది. మళ్ళీ వణికింది. మూడోసారి ఆమె పడబోతే మా బావ నడుం పట్టుకుని ఆపాడు. అప్పుడు అక్క ఒక పని చేసింది. మెల్లగా జరిగి, కుడి పాదం తీసేసి, ఎడమ పాదం గుంటలో పెట్టింది. ఎడమ పాదంతో పెడల్ నొక్కింది. తేలిగ్గా, అలవాటున్నట్టు, వేళ్ళూ మడమా, వేళ్ళూ మడమా. నీళ్ళలో మోటారు అటూ ఇటూ తిరిగింది. కుడి పాదం మాత్రం ఆనడానికి చోటు వెతుక్కుంది. చోటు లేదు. గుంట పడవ కుడి అంచుకి దగ్గరగా ఉంది, దాని అవతల నాలుగు వేళ్ళ వెడల్పు డెక్కు, ఆ తర్వాత నీళ్ళు.

మా బావ ఆ ఎడమ పాదం వంకే చూస్తున్నాడు.

"ఎడం కాలితోనా?" అన్నాడు.

"ఏప్రిల్ నుంచి నేర్చుకుంటున్నా. నువ్వు షెడ్డుకి వెళ్ళాక వంటింట్లో సింకు పట్టుకుని నిలబడి, కేకు కాల్చే రేకు పళ్ళెం బోర్లించి దాని మీద తొక్కేదాన్ని. కుడి కాలి మీద గంటసేపు నిలబడగలను ఇప్పుడు. బాగా వచ్చాక చెబుదామనుకున్నా."

"నాకు చెప్పాల్సింది, నెల్డా."

"నువ్వు అడగాల్సింది" అంది అక్క. కోపంగా కాదు. "మనిషిని నిలబెట్టానన్నావు కదా."

"నిలబెట్టాను" అన్నాడు మా బావ. కాసేపటికి, "ఎప్పటి నెల్డానో నిలబెట్టుకున్నాను" అన్నాడు.

వందమందిని మోకాళ్ళ మీద కూర్చుని కొలిచినవాడు, తన భార్యని మాత్రం తివాచీ మచ్చలని బట్టి కొలిచాడు. ఆ మచ్చలు చేసిన మనిషి విరిగి, అతుక్కుని, ఇంకో కాలి మీదకి మారిపోయింది. అది ఆయన షెడ్డులో ఉన్న ఎవడో టెన్నెసీ వాడి విషయంలో అయితే చిటికెలో పసిగట్టేవాడు. నా మీద నాకు కోపం వచ్చింది, ఆయన మీద ఇంకా వచ్చింది, ఆయన మొహం చూశాక ఎవరి మీదా కోపం నిలవలేదు.

డెక్కు మొత్తం పీకేస్తానన్నాడు. ఎడమ పక్కన ఇంకో గుంట కోస్తే మధ్యలో మిగిలే పలక బరువు ఆగదు, అందుకని ముందు భాగమంతా కొత్తగా కట్టాలి, మార్చి కల్లా అయిపోతుంది అని గబగబా చెప్పుకుపోయాడు. ఈ చలికాలమంతా వేరే పని ముట్టుకోనన్నాడు. అక్క వింటూ సరస్సు వైపు చూసింది. మంచు విడిపోతోంది. వాగు మొదట్లో నాచు పైన తెల్ల కొంగ ఒకటి నిలబడి ఉంది.

"మార్చిదాకా మళ్ళీ ఆ వరండాలో కూర్చోలేను, హోయ్ట్" అంది. "ఇవాళ నన్ను నీళ్ళ మీదకి తీసుకుపో. నువ్వెక్కు ముందుకి."

"నేనా?"

"నీ వెనక నేను ఉంటాను. నా టోపీ నీ ఇష్టం."

మా బావ నవ్వలేకపోయాడు. అక్కని పట్టుకుని మెల్లగా నడిపించి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. తను వచ్చి ముందు నిలబడ్డాడు. ఆ గుంట మా అక్క పాదానికి కోసింది. ఆయన పన్నెండో నంబరు బూటు అందులో పట్టలేదు. బూటు విప్పి వంతెన మీద నా పక్కన పెట్టి, ఉత్త సాక్సుతో పెడల్ మీద పాదం పెట్టాడు. ఆయన ముందు చోటులో నిలబడి ఉంటే పడవ ఎవరిదో అన్నట్టుంది. నేను తాడు విప్పాను.

పడవ కొంత దూరం బాగానే వెళ్ళింది. తర్వాత ఎడమకి తిరిగింది. సరి చేసుకుని మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఎడమకే తిరిగింది. ఏం అవుతోందో నాకు ఒడ్డు మీద నుంచి బాగా కనబడింది. మా బావ తల తిప్పి అక్కని చూస్తున్నాడు. ఒళ్ళు తిరిగినప్పుడు పాదం మడమ మీదకి పోతుంది, మడమ నొక్కితే పడవా తిరుగుతుంది. గాలి లేని పొద్దున, నీళ్ళ మీద మాట చాలా దూరం వినబడుతుంది.

"ముందుకి చూడు, హోయ్ట్."

"చూస్తున్నా."

పడవ మళ్ళీ తిరిగింది. అక్క గాలం కూడా విసరలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ముందు ఇప్పుడు ఎవరూ వెయ్యని నీళ్ళు లేవు, మా బావ వీపు ఉంది. ఆయన ముందు అందరూ పోట్లాడుకునే ఆ నీళ్ళన్నీ ఉన్నాయి, ఆయన వాటికేసి చూడటం లేదు. కొట్టులోకి వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేదు.

"నేను ఇన్నేళ్ళు అక్కడ నిలబడ్డాను" అంది అక్క. విసుగు తెచ్చుకోవాలని చూసింది గాని రాలేదు. "ఇలా మాటిమాటికీ వెనక్కి తిరిగానా? ఒక్కసారైనా తిరిగానా?"

మా బావ పాదం ఎత్తేశాడు. మోటారు ఆగింది. పడవ నీళ్ళ మీద ఊరికే నిలబడిపోయింది.

"లేదు" అన్నాడు. "తిరుగుతావేమోనని రోజూ చూసేవాణ్ణి."

ఒకరిని ఒక మాట అనకుండా వదలని మా అక్క, ఒళ్ళోని గాలం కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో మొహం తుడుచుకుంది.

"అయితే ఇప్పుడు చూడు" అంది. "పడవ ఎటు పోతే అటు పోనీ."

మా బావ పెడల్ మీద పాదం పెట్టి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. పడవ వాగు మొదట్లో నాచు పక్కన మెల్లగా ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నారు. ఒక్క చేపా పట్టలేదు.